రక్తం గ్రూపు కుదరని బాబు: ఒక పిల్లల డాక్టరు కేస్ స్టడీ

నాలుగేళ్ల రెండు నెలల మగబిడ్డను వానాకాలంలో ఒక రోజు బాగా పొద్దుపోయాక మా ఆసుపత్రికి తీసుకొచ్చారు. ఆరు రోజులుగా జ్వరం, దగ్గు. రెండు రోజులుగా ఆయాసం. డొక్కలెగరేస్తున్నాడు, నిమిషానికి 56 సార్లు ఊపిరి తీస్తున్నాడు, రక్తంలో ఆక్సిజన్ 88 శాతమే ఉంది. బరువు 12.6 కిలోలు, అంటే ఆ వయసుకు ఉండాల్సిన దానికన్నా సుమారు నాలుగు కిలోలు తక్కువ. ఛాతీ కుడివైపు స్టెతస్కోపు పెడితే గాలి చప్పుడు దాదాపు వినిపించలేదు. ఎక్స్‌రేలో ఆ వైపంతా తెల్లగా ఉంది, సూది పెట్టి చూస్తే చిక్కటి చీము వచ్చింది. న్యుమోనియా ముదిరి ఊపిరితిత్తి చుట్టూ చీము పట్టే ఈ స్థితిని మేము ఎంపైమా అంటాం. ఆ రాత్రే ఛాతీలోకి ట్యూబు వేసి, నరం ద్వారా యాంటీబయాటిక్స్ మొదలుపెట్టాం. చీములో కనిపించిన బాక్టీరియా న్యుమోకాకస్ అని మూడో రోజు కల్చర్‌లో తేలింది.

తెల్లకణాలు 24,600, అందులో 82 శాతం బాక్టీరియాను మింగే న్యూట్రోఫిల్స్, ఇన్ఫెక్షన్‌లో పెరిగే సీఆర్‌పీ అనే ప్రోటీన్ 168. ఈ అంకెలు చూసిన ఏ వైద్యుడైనా బిడ్డ శరీరం ఇన్ఫెక్షన్‌ను గట్టిగానే ఎదుర్కొంటోందని అనుకుంటాడు, నేనూ అలాగే అనుకున్నాను. ఎముక మజ్జ తెల్లకణాలను వేగంగా తయారుచేసి పంపుతోంది, కాలేయం సీఆర్‌పీని రక్తంలోకి వదులుతోంది, మెదడు ఒంటి వేడిని 103 డిగ్రీల దగ్గర నిలబెట్టింది. సూక్ష్మజీవి లోపలికి రాగానే గంటల వ్యవధిలో జరగాల్సిన పనులన్నీ ఈ బిడ్డలో జరుగుతూనే ఉన్నాయి. అయినా ట్యూబులోంచి చీము రావడం తగ్గలేదు, జ్వరం దిగలేదు. కారణం ఏమై ఉంటుందో మొదట పట్టుకున్నది నేను కాదు, బ్లడ్ బ్యాంకు టెక్నీషియన్.

ఐదో రోజుకు హిమోగ్లోబిన్ 6.8కి పడిపోవడంతో రక్తం ఎక్కించాలనుకుని గ్రూపు కోసం నమూనా పంపాం. గంట తర్వాత టెక్నీషియన్ ఫోన్ చేశాడు. "సార్, ఈ బాబు ఎర్రకణాలు ఓ గ్రూపు అంటున్నాయి, సీరమ్ ఏబీ గ్రూపు అంటోంది. శాంపిల్ మారిందేమోనని వార్డు నుంచి మళ్లీ తెప్పించి చేశాను, అదే వచ్చింది. చల్లబరిచి కూడా చూశాను సార్, కణాలు ముద్దకట్టడం లేదు."

రక్తం గ్రూపును రెండు వైపుల నుంచి చూస్తారు. మొదట రోగి ఎర్రకణాల మీద ఏ, బీ గుర్తులు ఉన్నాయో లేవో చూస్తారు. ఆ తర్వాత రోగి సీరమ్‌ను, అంటే రక్తంలో కణాలు తీసేశాక మిగిలే ద్రవాన్ని, తెలిసిన ఏ గ్రూపు ఎర్రకణాలతోనూ, బీ గ్రూపు ఎర్రకణాలతోనూ కలిపి, అవి ముద్దకట్టడాన్ని బట్టి అందులో వాటికి వ్యతిరేకమైన యాంటీబాడీలు ఉన్నాయో లేవో చూస్తారు. రెండు ఫలితాలూ ఒకదానికొకటి సరిపోవాలి. ఓ గ్రూపు మనిషి కణాల మీద ఆ రెండు గుర్తులూ ఉండవు కాబట్టి అతని సీరమ్‌లో ఏ, బీ రెండింటికీ యాంటీబాడీలు ఉండి తీరాలి. ఇవి పుట్టడానికి ఎవరి రక్తమూ ఎక్కించుకోనక్కర్లేదు. మన పేగుల్లో కాపురముండే బాక్టీరియా పైపొరల మీద ఏ, బీ గుర్తులను పోలిన చక్కెర పదార్థాలు ఉంటాయి. వాటికి స్పందించి పసిబిడ్డ శరీరం మొదటి ఏడాదిలోనే ఈ యాంటీబాడీలను తయారుచేసుకోవడం మొదలుపెడుతుంది. నాలుగేళ్ల బిడ్డ సీరమ్‌లో ఇవి అసలే లేవంటే, నాలుగేళ్లుగా తన పేగుల్లో ఉన్న బాక్టీరియాకే ఆ ఒళ్లు యాంటీబాడీలతో బదులివ్వలేదన్న మాట.

ఓ గ్రూపు ఎర్రకణాలే ఇవ్వమని చెప్పి ఫోన్ పెట్టేసి, పాత ఫైలు తెప్పించుకున్నాను. ఈ బాబు నాకు కొత్త కాదు.

నెలలు నిండి 2.9 కిలోల బరువుతో పుట్టాడు, తల్లిపాలు తాగాడు, టీకాలన్నీ సమయానికి పడ్డాయి. ఏడో నెల దాకా జలుబు తప్ప ఏమీ లేదు. ఎనిమిదో నెలలో ఎడమ చెవిలోంచి చీము కారింది. పదకొండో నెలలో న్యుమోనియా వచ్చి వారం రోజులు ఆసుపత్రిలో ఉన్నాడు. ఏడాదిన్నర వయసులో రెండు చెవులూ, రెండో ఏట మళ్లీ న్యుమోనియా, మూడో ఏట రెండు నెలలపాటు తగ్గని విరేచనాలు. మలపరీక్షలో జియార్డియా అనే పరాన్నజీవి బయటపడడంతో ఆ విరేచనాలకు నేనే మందు రాశాను. నగరంలోని ఒక పెద్ద ఆసుపత్రిలో ఆస్తమా అని చెప్పి ఇన్‌హేలర్ ఇచ్చారు. రెండేళ్లలో పదకొండు సార్లు యాంటీబయాటిక్స్ వాడాడు, అందులో ఐదు చీటీలు నా చేతివ్రాతతోనే ఉన్నాయి. ప్రతిసారీ మందు పనిచేసింది, జ్వరం తగ్గింది, కొన్ని వారాలకు మళ్లీ వచ్చింది. వచ్చిన ప్రతి జబ్బునూ విడివిడిగా చూసి వైద్యం చేశామే తప్ప, అన్నిటినీ ఒక కాగితం మీద వరసగా రాసుకుని చూసినవారు మాలో ఒక్కరూ లేరు.

ఆ ఫైలులోనే ఎనిమిది నెలల కిందటి లివర్ ఫంక్షన్ టెస్ట్ రిపోర్టు ఒకటి ఉంది. జ్వరం తగ్గకపోతే ఎవరో రాసిన పరీక్ష అది. బిలిరుబిన్, ఎంజైములు మామూలుగా ఉండడంతో అందరం దాన్ని పక్కన పెట్టేశాం. కింది వరసల్లో మొత్తం ప్రోటీన్ 5.7, ఆల్బుమిన్ 4.1 అని ఉంది. మొదటి అంకెలోంచి రెండోది తీసేస్తే మిగిలేది గ్లాబులిన్, ఇక్కడ 1.6. సాధారణంగా అది రెండుకు పైనే ఉండాలి. యాంటీబాడీలన్నీ ఈ గ్లాబులిన్ లెక్కలోకే వస్తాయి కాబట్టి, అది ఇంత తక్కువగా ఉండి ఆల్బుమిన్ బాగానే ఉందంటే, తిండి చాలకో కాలేయం దెబ్బతినో తగ్గిన ప్రోటీన్ కాదని, తగ్గినవి ప్రత్యేకంగా యాంటీబాడీలేనని అనుమానించాలి. మన ఊళ్లలో కాస్త ఎక్కువ రోజులు జ్వరం వచ్చిన పిల్లలందరికీ ఈ పరీక్ష చేస్తూనే ఉంటారు. ఆ తీసివేత చేయడానికి అదనంగా పైసా ఖర్చు లేదు. నేను చేయలేదు.

ఇంకొకటి కూడా రాయాలి. ఫైలులో నా పాత నోట్సులో నాలుగు చోట్ల "గొంతు: నార్మల్" అని ఉంది. వార్డుకు వెళ్లి, టార్చి వేసి, నాలుకను నొక్కి మళ్లీ చూశాను. గొంతు ఎర్రగా లేదు, వాపు లేదు. టాన్సిల్స్ ఉండాల్సిన రెండు గూళ్లూ ఖాళీగా, నున్నగా ఉన్నాయి. మెడలో, చంకల్లో, గజ్జల్లో వేళ్లతో ఎంత తడిమినా ఒక్క బిళ్ల (లింఫు గ్రంథి) తగల్లేదు. ఇన్నిసార్లు చెవి, గొంతు, ఊపిరితిత్తుల ఇన్ఫెక్షన్లు వచ్చిన నాలుగేళ్ల బిడ్డకు టాన్సిల్స్ ఉబ్బి ఉండాలి, మెడలో బిళ్లలు చేతికి తగలాలి. వాచిన టాన్సిల్స్ కోసం వెతికే కన్ను, లేని టాన్సిల్స్‌ను నార్మల్ అని రాసేసింది.

హైదరాబాద్‌లోని లేబొరేటరీ నుంచి వచ్చిన ఫలితాల్లో రక్తంలోని ప్రధాన యాంటీబాడీ రకమైన ఐజీజీ డెసిలీటరుకు 64 మిల్లీగ్రాములు ఉంది. ఈ వయసులో కనీసం 500 దాకా ఉండాలి. మరో రెండు యాంటీబాడీ రకాల్లో ఐజీఏ కొలతకు అందనంత తక్కువ, ఐజీఎం 9. తెల్లకణాల్లో ఒక రకమైన లింఫోసైట్ల మొత్తం సంఖ్యలో తేడా లేదు, అందుకే మామూలు రక్తపరీక్షల్లో ఎక్కడా అనుమానం రాలేదు. కానీ వాటిని రకాలవారీగా విడదీసి చూస్తే టీ కణాలు 93 శాతం, యాంటీబాడీలకు మూలమైన బీ కణాలు 0.1 శాతమే. కొన్ని వారాల తర్వాత వచ్చిన జన్యుపరీక్ష బీటీకే అనే జన్యువులో లోపాన్ని నిర్ధారించింది. జబ్బు పేరు ఎక్స్ క్రోమోజోముతో సంక్రమించే అగామాగ్లాబులినీమియా. ఎముక మజ్జలో బీ కణాలు ఎదిగే దారిలో ఒక మెట్టు దగ్గర బీటీకే ప్రోటీన్ సంకేతం అందాలి. అది అందకపోతే కణాలు ఆ మెట్టు దాటి రక్తంలోకి రాలేవు. బీ కణాలు లేకపోతే వాటి నుంచి పుట్టే ప్లాస్మా కణాలు ఉండవు, ప్లాస్మా కణాలు లేకపోతే యాంటీబాడీలు ఉండవు. టాన్సిల్స్, బిళ్లలు పెరగకపోవడానికీ ఇదే కారణం, ఎందుకంటే వాటిలో పెద్ద భాగం బీ కణాల గుంపులే.

ఏడు నెలల దాకా బాబు ఆరోగ్యంగా ఎలా ఉన్నాడన్న ప్రశ్న తల్లే అడిగింది. గర్భంలో చివరి నెలల్లో తల్లి రక్తంలోని ఐజీజీ మాయ ద్వారా బిడ్డకు చేరుతుంది. పుట్టేనాటికి బిడ్డ రక్తంలో ఉండేదంతా దాదాపు తల్లిదే. దాని మోతాదు సుమారు మూడు వారాలకు ఒకసారి సగానికి పడిపోతుంటుంది. మామూలు బిడ్డల్లో ఆ అరుగుదలకు సమాంతరంగా సొంత ఉత్పత్తి పెరుగుతుంది. ఇతనిలో అరుగుదల ఒక్కటే జరిగింది. తల్లి ఇచ్చిన నిల్వ అయిపోయిన నెలలోనే చెవి కారడం మొదలైంది. ఆ మాట చెప్పినప్పుడు ఆమె ఏడ్చింది, అది దుఃఖమో మరేదో నాకు అర్థం కాలేదు.

ఇప్పుడు అసలు ప్రశ్నకు వస్తాను. న్యూట్రోఫిల్స్ అన్ని వేలు ఉండగా, జ్వరం ఉండగా, చీము కుండెడు వస్తుండగా న్యుమోకాకస్ ఎందుకు చావలేదు? ఈ బాక్టీరియా చుట్టూ జారుడుగా ఉండే ఒక చక్కెర పొర ఉంటుంది. న్యూట్రోఫిల్ దాన్ని మింగాలని చుట్టూ చేరినా పట్టు దొరకదు. సబ్బు రాసిన చేప చేతిలోంచి జారినట్టు జారిపోతుంది. యాంటీబాడీ ఆ పట్టును ఇస్తుంది. దాని రెండు కొసలు బాక్టీరియా పైపొరకు అతుక్కుంటాయి, మూడో కొస బయటికి పొడుచుకొచ్చి ఉంటుంది. న్యూట్రోఫిల్ మీద ఆ మూడో కొసను పట్టుకునే గ్రాహకాలు ఉంటాయి. యాంటీబాడీలు అంటుకున్న చోట కాంప్లిమెంట్ అనే ప్రోటీన్లు కూడా వచ్చి చేరి ఇంకొన్ని పిడులు అమర్చుతాయి. ఈ పనిని 1903లో లండన్‌లో ఆల్మ్‌రోత్ రైట్ వర్ణించి, అలా బాక్టీరియాను మింగుడుకు అనువుగా మార్చే పదార్థానికి ఆప్సొనిన్ అని పేరు పెట్టాడు. తినడానికి సిద్ధం చేయడం అనే అర్థమున్న గ్రీకు మాట నుంచి తీసుకున్న పేరది. ఆయన కాలానికి ముందు ఇరవై ఏళ్లుగా వైద్యశాస్త్రంలో పెద్ద వాదమే నడిచింది. 1882లో సిసిలీలోని మెస్సీనాలో నక్షత్రచేప డింభకంలో గులాబీ ముల్లు గుచ్చి, దాని చుట్టూ కణాలు మూగడం చూసిన మెచ్నికాఫ్, శరీరాన్ని కాపాడేది ఈ భక్షక కణాలేనన్నాడు. 1890లో బెర్లిన్‌లో బేరింగ్, కిటసాటో ధనుర్వాతం, డిఫ్తీరియాల విషాన్ని సీరమ్ విరిచేస్తుందని చూపించడంతో, కాపాడేది రక్తరసమేనని మరో పక్షం పట్టుబట్టింది. 1908లో నోబెల్ బహుమతిని మెచ్నికాఫ్‌కూ, యాంటీబాడీ పక్షానికి చెందిన ఎర్లిక్‌కూ కలిపి ఇచ్చారు. మా వార్డులో ట్యూబుతో పడుకున్న ఈ బిడ్డలో మెచ్నికాఫ్ కణాలు పుష్కలంగా ఉన్నాయి, ఎర్లిక్ యాంటీబాడీలు లేవు.

ఆ లోటు వల్ల జరిగిన నష్టం బాక్టీరియా బతికిపోవడంతో ఆగలేదు. మింగలేకపోయిన న్యూట్రోఫిల్స్ అక్కడే చచ్చి, బాక్టీరియాను కరిగించడానికి తమలో దాచుకున్న ఎంజైములను చుట్టుపక్కల ఒలకబోస్తాయి. ఊపిరితిత్తుల గొట్టాల గోడలు వాటికి కరుగుతాయి. చీము తగ్గాక తీసిన సీటీ స్కానులో కుడి కింది భాగంలో శ్వాసనాళాలు వెడల్పై, గోడలు మందమై కనిపించాయి. బ్రాంకియెక్టాసిస్ అనే ఈ స్థితి ఒకసారి వస్తే పోయేది కాదు. ఆస్తమాగా భావించిన ఆ నిత్యపు దగ్గు చాలావరకు ఇదే అయి ఉంటుంది.

న్యుమోకోకల్ టీకా మూడు డోసులూ పడిన బిడ్డకు న్యుమోకాకస్ ఎలా వచ్చిందని జూనియర్ డాక్టరు అడిగింది. టీకా ఏదైనా బీ కణాలకు పాఠం చెప్పి యాంటీబాడీలు రాయించుకునే పనే ఎక్కువగా చేస్తుంది. 2017లో మన దేశంలో దశలవారీగా మొదలై 2021లో అన్ని రాష్ట్రాలకూ చేరిన ఈ టీకా వల్ల ఎందరో పిల్లలకు మేలు జరుగుతోంది. పాఠం వినే కణాలే లేని చోట మాత్రం అది నీళ్లతో సమానం.

అలాగని ఈ బాబు ఒంట్లో రక్షణ అంతా కూలిపోలేదని చెప్పడానికి అతని భుజం మీదే ఒక రుజువు ఉంది. పుట్టినప్పుడు వేసిన బీసీజీ మచ్చ అందరు పిల్లలకు ఉన్నట్టే చిన్నగా, మానిపోయి ఉంది. బీసీజీలో ఉండేది బతికున్న క్షయ జాతి బాక్టీరియా. అది మాక్రోఫేజ్ అనే భక్షక కణం లోపలే దాక్కుని బతుకుతుంది కాబట్టి యాంటీబాడీలు దాన్ని చేరలేవు. టీ కణాలు వచ్చి మాక్రోఫేజ్‌ను పురికొల్పితేనే అది లోపల చస్తుంది. టీ కణాలు లేకుండా పుట్టే పిల్లల్లో ఇదే బీసీజీ ఒళ్లంతా పాకి ప్రాణం తీయగలదు. ఇతనిలో అది భుజం దాటలేదు. మూడో ఏట ఇంట్లో అందరితోపాటు ఇతనికీ ఆటలమ్మ పోసిందని, అక్క కంటే ముందే తగ్గిందని నాయనమ్మ చెప్పింది. ఆటలమ్మ వైరస్ కణాల లోపల పెరుగుతుంది, సోకిన కణాలను గుర్తించి చంపే పని టీ కణాలది. ఆ మాట విన్నప్పుడే, లింఫోసైట్లను రకాలవారీగా లెక్కించే ఫ్లో సైటోమెట్రీ ఫలితం రాకముందే, ఇతని టీ కణాలు బాగున్నాయని నాకు దాదాపు నమ్మకం కలిగింది. ఇంట్లో పెద్దవాళ్లు చెప్పే ఇలాంటి సంగతులు కేస్ షీటులో రాసే అలవాటు మనకు పోయింది.

లింఫోసైట్లలో ఈ రెండు రకాలు ఉన్నాయని తెలిసింది కోళ్ల వల్ల. కోడి తోక దగ్గర ఫాబ్రీషియస్ బర్సా అనే చిన్న సంచి ఉంటుంది. అది తీసేసిన కోడిపిల్లలు పెద్దయ్యాక యాంటీబాడీలు తయారుచేయలేవని ముందే గమనించగా, 1965లో మాక్స్ కూపర్, రాబర్ట్ గుడ్ బృందం బర్సా చేసే పని వేరు, ఛాతీలోని థైమస్ చేసే పని వేరు అని స్పష్టంగా విడదీసి చూపింది. బీ కణంలోని బీ అక్షరం ఆ బర్సాదే. మనుషులకు బర్సా లేదు, ఆ పని మన ఎముక మజ్జ చేస్తుంది.

జబ్బును మొదట వర్ణించింది 1952లో, వాషింగ్టన్‌లోని వాల్టర్ రీడ్ సైనిక ఆసుపత్రిలో పనిచేసిన కర్నల్ ఆగ్డెన్ బ్రూటన్. ఎనిమిదేళ్ల బాలుడికి న్యుమోకాకస్ ఇన్ఫెక్షన్లు పదే పదే వస్తుంటే, అతని సీరమ్‌ను విద్యుత్ క్షేత్రంలో ప్రోటీన్లవారీగా విడదీసి చూశాడు. గామా గ్లాబులిన్ ఉండాల్సిన చోటు ఖాళీగా ఉంది. ఇతరుల రక్తం నుంచి తీసిన గామా గ్లాబులిన్‌ను చర్మం కింద ఎక్కించడం మొదలుపెట్టాక ఆ బాలుడు కోలుకున్నాడు. వ్యాధినీ, కారణాన్నీ, వైద్యాన్నీ ఒకే వ్యాసంలో చెప్పగలిగిన అదృష్టం వైద్యంలో ఎంతోమందికి దక్కలేదు. లోపమున్న జన్యువును 1993లో రెండు బృందాలు విడివిడిగా కనుక్కున్నాయి, బీటీకే పేరులోని బీ బ్రూటన్ పేరులోంచి వచ్చింది. ఈ పిల్లల్లో ఒక ప్రోటీన్ లేకపోతే బీ కణాలు ఎదగవని తెలిశాక, బీ కణాలు అదుపు తప్పే కొన్ని క్యాన్సర్లలో ఆ ప్రోటీన్‌నే అడ్డుకునే మందులు వచ్చాయి. వాటిలో మొదటిదైన ఇబ్రూటినిబ్‌కు 2013లో అమెరికాలో అనుమతి లభించింది.

కుటుంబం విషయానికి వస్తే, బాబు తల్లి తన సొంత మేనమామనే పెళ్లాడింది. నేను జబ్బు పేరు చెప్పకముందే ఇంట్లో కారణం తేల్చేశారు: మేనరికం. నిజానికి నా మనసులో కూడా మొదట మెదిలింది అదే, ఎందుకంటే దగ్గరి సంబంధాల వల్ల వచ్చే రోగనిరోధక లోపాలు చాలానే ఉన్నాయి. కానీ ఇది వాటిలోది కాదు. బీటీకే జన్యువు ఎక్స్ క్రోమోజోము మీద ఉంటుంది. మగబిడ్డకు ఎక్స్ తల్లి నుంచే వస్తుంది, తండ్రి నుంచి వచ్చేది వై. తండ్రి బంధువైనా, పరాయివాడైనా, ఈ జబ్బు వచ్చే అవకాశం అంతే. బాబు తల్లికి ఒక తమ్ముడు ఉండేవాడని, మూడో ఏట "గాలి సోకి" పోయాడని అమ్మమ్మ చెప్పింది. వివరంగా అడిగితే దగ్గు, ఆయాసం, చెవులు కారడం అన్నీ బయటికొచ్చాయి. తల్లికి జన్యుపరీక్ష చేస్తే ఆమె వాహకురాలని, అంటే తనకు జబ్బు లేకుండానే లోపమున్న జన్యువును మోస్తోందని తేలింది. పెళ్లి కుదిర్చినవాళ్ల మీద పడ్డ నింద ఆ రోజుతో తొలగింది గానీ, అది వెళ్లి తల్లి నెత్తిన పడకుండా చూడడానికి నేను ఇంకో రెండుసార్లు అందరినీ కూర్చోబెట్టి మాట్లాడాల్సి వచ్చింది. తండ్రి అమ్మమ్మకు సొంత తమ్ముడు. ఆరోగ్యంగా ఉన్నాడు కాబట్టి అతని ఎక్స్‌లో ఈ లోపం లేదని వివరించాక ఆయన మొదటిసారి నా ముందు కుర్చీలో వెనక్కి వాలి కూర్చున్నాడు.

చికిత్స అంటే లేనిదాన్ని తెచ్చి ఇవ్వడమే. రక్తదాతల ప్లాస్మాను వేలమంది నుంచి సేకరించి, శుద్ధి చేసి, అందులోని ఐజీజీని వేరుచేసి సీసాల్లో అందిస్తారు. ఒక్కో సీసాలో వేలమంది తమ జీవితంలో ఎదుర్కొన్న జబ్బుల తాలూకు యాంటీబాడీలు ఉంటాయి. మొదటి విడతగా కిలోకు 400 మిల్లీగ్రాముల లెక్కన 5 గ్రాములు, జ్వరం పూర్తిగా తగ్గాక, చాలా నెమ్మదిగా ఎక్కించాం. ఒంట్లో ఇన్ఫెక్షన్ మిగిలి ఉన్నప్పుడు మొదటిసారి ఎక్కిస్తే చలి, వణుకు, రక్తపోటు పడిపోవడం వంటివి వచ్చే అవకాశం ఎక్కువ. తర్వాత ప్రతి నాలుగు వారాలకు ఒకసారి. కొత్త విడత ఎక్కించే ముందు రక్తంలో ఐజీజీ ఎంత మిగిలిందో చూస్తాం. మూడో నెలలో అది 410 దగ్గరే ఉండడం, చెవి మళ్లీ కారడంతో వ్యవధిని మూడు వారాలకు తగ్గించాం. బరువు పెరిగేకొద్దీ మోతాదు పెంచుతూ వచ్చాం. ఏడాది తిరిగేసరికి ఆ అంకె 760కి చేరింది.

ఖర్చు సంగతి దాచడంలో అర్థం లేదు. తండ్రి ఆటో నడుపుతాడు. ఒక్క సీసా ధర ఆయనకు నెలంతా మిగిలేదాంట్లో సగానికి పైనే ఉంది, అదీ జీవితాంతం. మొదటి ఆరు నెలలు బంధువులు, మా ఆసుపత్రిలోని కొందరం, ఒక దాత కలిసి నెట్టుకొచ్చాం. తర్వాత బోధనాసుపత్రి ద్వారా సీసాలు అందే ఏర్పాటు జరిగింది, అయినా మధ్యలో రెండుసార్లు సరఫరా ఆగి విడత తప్పింది. తప్పిన రెండుసార్లలో ఒకసారి న్యుమోనియా వచ్చింది.

రెండేళ్లలో యాంటీబయాటిక్స్ వాడాల్సి వచ్చింది మూడుసార్లు. బరువు 12.6 నుంచి 18 కిలోలకు పెరిగింది. కానీ సీసాలో ఉండేది ఐజీజీ మాత్రమే. ముక్కు, గొంతు, పేగుల లోపలి పొరల మీద కాపలా ఉండే ఐజీఏను బయటి నుంచి ఇచ్చే మార్గం లేదు, అందుకే జలుబులూ సైనస్ బాధలూ పూర్తిగా పోలేదు. దెబ్బతిన్న శ్వాసనాళాల్లో కఫం నిలవకుండా రోజూ రెండు పూటలా వీపు తట్టి కఫం బయటికి తెప్పించే ఫిజియోథెరపీని తల్లికి నేర్పించాం, ఆమె ఒక్క పూట కూడా మానలేదు.

తోటి వైద్యులకు పనికొచ్చే ఒక విషయం ఇక్కడే చెప్పాలి. ఈ పిల్లల్లో టైఫాయిడ్‌కు చేసే వైడాల్, డెంగీ ఐజీఎం వంటి యాంటీబాడీ పరీక్షలకు అర్థం ఉండదు. చికిత్సకు ముందు ఏ జబ్బు వచ్చినా నెగెటివ్ వస్తుంది. ఇతనికి రెండుసార్లు వైడాల్ చేసి నెగెటివ్ చూసి ఊరుకున్నాం. చికిత్స మొదలయ్యాక డెంగీ ఐజీజీ చేస్తే పాజిటివ్ వస్తుంది, అది దాతలది. వైరస్‌నో బాక్టీరియానో నేరుగా వెతికే కల్చర్, యాంటిజెన్, పీసీఆర్ పరీక్షల మీదే ఆధారపడాలి.

టీ కణాలు బాగుంటే వైరస్‌ల భయం లేదనుకోవడానికి ఒక పెద్ద మినహాయింపు ఉంది. పోలియో వంటి ఎంటెరోవైరస్‌లు పేగుల్లో పెరిగి, రక్తంలోకి దిగి, నరాలకు పాకుతాయి. ఆ దారిలో వాటిని ఆపేవి యాంటీబాడీలే. ఆటలమ్మను దాటిన ఈ పిల్లలే ఎంటెరోవైరస్ మెదడుకు చేరితే నెలల తరబడి కుంగిపోతారు. నోటి చుక్కల్లో ఉండేది బలహీనపరిచిన బతికున్న పోలియో వైరస్. మామూలు బిడ్డ కొద్ది వారాల్లో దాన్ని వదిలించుకుంటాడు. యాంటీబాడీలు లేని బిడ్డ పేగుల్లో అది నెలలు, ఏళ్లు కూడా నిలిచి, మారుతూ మారుతూ తిరిగి పక్షవాతం తెచ్చే రూపు పొందగలదు. టీకా వైరస్ నుంచి పుట్టిన టైప్ 2 పోలియో వైరస్ 2016లో హైదరాబాద్ మురుగునీటి నమూనాలో కనిపించినప్పుడు, జూన్‌లో హైదరాబాద్, రంగారెడ్డి జిల్లాల్లో సుమారు 3 లక్షల మంది పిల్లలకు ఇంజెక్షన్ పోలియో టీకా వేయడం చాలామందికి గుర్తుండే ఉంటుంది. మన బాబు పుట్టినప్పటి నుంచి ఎన్నోసార్లు చుక్కలు వేయించుకున్నాడు. నిర్ధారణ కాగానే మలం నమూనాలను పోలియో వైరస్ కోసం రెండుసార్లు పంపాం, రెండుసార్లూ లేదని వచ్చింది. ఇకమీద అతనికి చుక్కలు వద్దని రాసిచ్చాం.

చికిత్స మొదలైన రెండో ఏట తల్లి మళ్లీ గర్భవతి అయింది. గర్భంలోనే పరీక్ష చేయించుకునే వీలుందని, ఇలాంటి వంశపారంపర్య జబ్బుల విషయంలో చట్టం దానికి అనుమతిస్తుందని చెప్పాం. వద్దన్నారు. మగబిడ్డ పుట్టాడు. ఈ బిడ్డకు ఐజీజీ కొలవడం వృథా, కనిపించేదంతా తల్లిదే అవుతుంది. అందుకని బొడ్డుతాడు రక్తంలో బీ కణాలను లెక్కించమని పంపాం. ఫలితం వచ్చేదాకా నాలుగు రోజులు ప్రసూతి వార్డులో చుక్కలు వేయనివ్వకుండా కేస్ షీటు మీద ఎర్ర సిరాతో రాసి పెట్టాం. ఐదో రోజు రిపోర్టు వచ్చింది: బీ కణాలు 14 శాతం. ఈ బిడ్డ జన్యువు బాగుంది.

అయినా తమ్ముడికి చుక్కలు వేయలేదు, ఇంజెక్షన్ టీకాయే వేశాం. చుక్కల వైరస్ కొన్ని వారాలపాటు పసివాడి మలంలో బయటికి వస్తుంది. ఒకే మంచం మీద పడుకునే అన్నకు అది చేరకూడదు. పల్స్ పోలియో ఆదివారం నాడు ఆశా కార్యకర్త ఇంటికి వచ్చి, ఇంట్లో ఐదేళ్లలోపు బిడ్డ ఉండి కూడా వేలికి గుర్తు లేదేమని గట్టిగా అడిగిందట. ఆమె అడగడం సబబే. నాయనమ్మ లోపలికి వెళ్లి, నేను లెటర్‌హెడ్ మీద తెలుగులో రాసిచ్చిన కాగితాన్ని ప్లాస్టిక్ కవరుతో సహా తెచ్చి చూపించింది. కార్యకర్త దాన్ని ఫోటో తీసుకుని, తన రిజిస్టరులో ఆ ఇంటి వరసకు ఎదురుగా కారణం రాసుకుని వెళ్లింది. కాగితం ఇప్పటికి నాలుగు మడతల దగ్గర చిరిగింది, వచ్చే విడతకు వచ్చినప్పుడు కొత్తది రాసివ్వాలి.